ఇంటర్నెట్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవర్ని అడగాలి? గుంటూరు, బెజవాడ వాళ్లకి ఓ పోలిక

నేను పనిచేసే నెట్ సెంటరు గుంటూరు బ్రాడీపేటలో. లోపలికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అనే మాట "బాబూ, ఇది కాస్త చేసిపెట్టు". "ఇదెట్లా చెయ్యాలో చూపించు" అనేవాళ్లు అరుదు. చేసిపెట్టేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఇంట్లో మనవడు, ఫోన్ల షాపులో కుర్రాడు, మీసేవ, మేము. చూపించేవాళ్లకే కరువు. అందుకే ఎవరి దగ్గర నేర్చుకోమంటారు అని అడిగితే నేను చెప్పే మొదటి గుర్తు ఇది: పని జరుగుతున్నంతసేపూ ఫోను ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. మీ చేతిలోనే ఉండి, పక్కవాళ్లు నోటితో చెప్తుంటే మీరు నేర్చుకుంటున్నట్టు. వాళ్లు లాక్కుని టకటకా నొక్కేసి "అయిపోయింది, తీసుకోండి" అన్నారంటే మీకు పని మాత్రమే అయింది. వచ్చే నెల కరెంటు బిల్లు రాగానే మళ్లీ వాళ్ల కోసమే వెతుక్కుంటారు.

ఇంకో రెండు సంగతులు కూడా చూసుకోవాలి. అదే ప్రశ్న నాలుగోసారి అడిగినా విసుక్కోకుండా చెప్తారా? మీరు నేర్చుకోకుండా ఉంటే వాళ్లకేమైనా గిట్టుబాటు ఉందా? ఈ రెండోది మాబోటివాళ్లకి కాస్త గుచ్చుకునే ప్రశ్నే. అయినా దాచడమెందుకు.

ఇంట్లో పిల్లలు

అందరికీ ముందు తట్టేది వీళ్లే, నమ్మకం విషయంలో వీళ్ల తర్వాతే ఎవరైనా. మెయిల్ పాస్‌వర్డ్, బ్యాంకు యాప్, యూపీఐ పిన్ను లాంటివి మొదటిసారి పెట్టుకునేటప్పుడు ఇంట్లోవాళ్లు పక్కన ఉండాలి. బయటివాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, ఆ పని వాళ్లకి అప్పగించకండి.

ఓపిక సంగతికొస్తే వీళ్లకి మార్కులు తక్కువ. పిల్లలకి వేళ్లు తెలిసినంత వేగంగా కారణాలు తెలియవు. "ఇది నొక్కు తాతయ్యా, తర్వాత ఇది" అంటారు, ఎందుకు నొక్కాలో చెప్పలేరు. యాప్ కొత్త రూపంలోకి మారిన రోజున నేర్చుకున్నదంతా పోతుంది. దీనికి మందు ఏమిటంటే, పిల్లల్ని ఒక పూటకి ఒక్కటే సంగతి అడగడం. ఆదివారం మధ్యాహ్నం వాట్సాప్‌లో ఫొటో పంపడం, పై ఆదివారం యూట్యూబ్‌లో వెతకడం. ఒకే రోజు ఐదూ చెప్పమంటే ఐదూ కలిసిపోతాయి.

కొడుకో కూతురో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే వాట్సాప్ వీడియో కాల్‌లోనే మీ స్క్రీన్ వాళ్లకి కనిపించేలా పెట్టొచ్చు. మీరు ఎక్కడ ఆగిపోయారో వాళ్లకి తెలుస్తుంది, నొక్కే వేలు మాత్రం మీదే. నిజానికి దూరాన ఉన్న పిల్లలే ఇంట్లో ఉన్నవాళ్లకంటే బాగా నేర్పుతారని నాకనిపిస్తుంది, ఫోను లాక్కునే వీలు వాళ్లకి లేదు కాబట్టి. అయితే ఈ స్క్రీన్ చూపించడం అన్నది కన్నబిడ్డలకి మాత్రమే. ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేసి "స్క్రీన్ షేర్ ఆన్ చేయండి సార్" అన్నాడంటే వాడు దొంగే, రెండో ఆలోచన అక్కర్లేదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి, ఫోనుని దూరం నుంచే నడిపించే యాప్ వేసుకోమన్నా అంతే.

ఫోన్ల షాపు కుర్రాడు

అరండల్‌పేటలోగానీ, బెజవాడ గవర్నర్‌పేటలోగానీ ఫోను కొన్నప్పుడు ఆ కౌంటరు దగ్గరే చాలామందికి ఇంటర్నెట్ మొదలవుతుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. షాపువాడు కొత్త ఫోను ఆన్ చేస్తాడు, అది గూగుల్ అకౌంటు అడుగుతుంది. మీకు లేదంటారు. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. వాడు నిమిషంలో ఒక మెయిల్ ఐడీ తయారుచేసి, ఏదో ఒక పాస్‌వర్డ్ పెట్టి, ఒక్కోసారి రికవరీ నంబరు (పాస్‌వర్డ్ మరిచిపోతే కోడ్ వచ్చే నంబరు) కూడా తనదే ఇచ్చేసి, ఫోను చేతిలో పెడతాడు. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు, తొందరంతే.

రెండేళ్ల తర్వాత ఫోను పగిలి కొత్తది కొంటారు. పాత ఫొటోలు, నంబర్లు కావాలంటే ఆ మెయిల్‌లోకి వెళ్లాలి. పాస్‌వర్డ్ తెలియదు. "మరిచిపోయాను" అని నొక్కితే కోడ్ వెళ్లేది ఎప్పుడో షాపు మానేసిన కుర్రాడి నంబరుకి. ఇలాంటి కేసులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి, చాలావాటికి మేం చేయగలిగింది ఏమీ ఉండదు. ఇప్పుడే మీ ఫోన్లో సెట్టింగులు తెరిచి, గూగుల్ అన్నచోట నొక్కి, మీ మెయిల్ ఐడీ ఏమిటో, రికవరీ నంబరు ఎవరిదో చూడండి. మీది కాకపోతే ఈ వారమే మార్పించుకోండి. ఈ వ్యాసంలో ఇంకేమీ చెయ్యకపోయినా ఈ ఒక్కటీ చెయ్యండి.

షాపువాళ్లు పనికొచ్చేది ఫోను అనే వస్తువు గురించి. సిమ్ము పడకపోవడం, చార్జింగ్, స్టోరేజీ నిండిపోవడం లాంటివి. ఇంటర్నెట్ నేర్పడం వాళ్ల పని కాదు.

మేము, మీసేవ, సచివాలయం

మా సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. మా సెంటరు నడిచేది మీకు రాదు కాబట్టి. ప్రింటుకింత, అప్లికేషనుకింత. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ ముందు కావాలో ఆన్‌లైన్లో వరుస పెట్టే రోజుల్లో మాకు ఊపిరాడదు. అలాంటప్పుడు ఎవరికైనా ఏదైనా నేర్పడం కల్ల. ఇక తప్పకూడని పనులకి, అంటే తప్పు పడితే ఏడాది పోయే అప్లికేషన్లు, సీటు ఆప్షన్లు లాంటివాటికి తెలిసినవాళ్ల చేత చేయించుకోవడమే మంచిది. నేర్చుకోవడానికి ప్రయోగం చేసే చోటు అది కాదు. అప్పుడు కూడా ఆప్షన్లు ఏ వరుసలో పెట్టారో స్క్రీన్ మీద మీ కళ్లతో చదివి, సేవ్ అయ్యాక ప్రింటు తీసుకుని కదలండి. పాస్‌వర్డ్ మీరే టైపు చెయ్యండి. లేచేముందు లాగౌట్ చేశారా అని అడగండి. అడిగితే ఏమీ అనుకోం.

మీసేవ 2011 నుంచి ఉంది, వార్డు, గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. రెండూ పని జరిపే చోట్లే గానీ పాఠం చెప్పే చోట్లు కావు. కాకపోతే సచివాలయానికి మేమివ్వలేని ఉపయోగం ఒకటుంది. ఏ సర్టిఫికెట్టుకి ఏ కాగితం కావాలి, అప్లికేషను ఎక్కడ ఆగింది అన్నది అక్కడ అడిగితేనే సరైన జవాబు దొరుకుతుంది.

ఇప్పుడు ఆ క్యూలో కొంత భాగం వాట్సాప్‌లోకి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన మన మిత్ర అనే సేవ. 95523 00009 నంబరు ఫోన్లో సేవ్ చేసుకుని వాట్సాప్‌లో హాయ్ అని పంపితే చాలు, ఏ సేవ కావాలో అడుగుతుంది, తెలుగు ఎంచుకోవచ్చు. మొదట 161 సేవలతో వచ్చింది, తర్వాత పెంచుకుంటూ పోయారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది ప్రభుత్వ వెబ్‌సైట్ల కంటే నయమని నా లెక్క. ఎందుకంటే వాట్సాప్ వాళ్లకి ముందే అలవాటు. మనవరాలి ఫొటో చూసుకునే చోటే కరెంటు బిల్లు కూడా కనిపిస్తే భయం సగం తగ్గుతుంది. నంబరు మాత్రం ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజీలోది కాకుండా పైన రాసింది సరిచూసుకుని వాడండి.

కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లు

బ్రాడీపేట, అరండల్‌పేట అడ్డరోడ్లలో ఎటు తల తిప్పినా డీసీఏ, పీజీడీసీఏ అనే కంప్యూటర్ డిప్లొమాలు, టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నేర్పే బోర్డులే. ఉద్యోగం కావాల్సిన పిల్లలకి అవి సరే. యాభై దాటిన గృహిణికో, వ్యాపారం చేసుకునే ఆయనకో రైలు టైము చూసుకోవడం నేర్పడానికి డీసీఏలో చేర్పించడమంటే చారు పెట్టుకోవడానికి హోటల్ మేనేజ్‌మెంట్ చదివించినట్టే. అక్కడ మొదటి వారమంతా కీబోర్డు, మౌసు, ఎమ్మెస్ వర్డు. మీ ఇంట్లో ఉన్నది ఫోను.

కాగితం కావాలి, పద్ధతిగా నేర్చుకోవాలి అనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ పెట్టిన రెండు కోర్సుల గురించి అడగండి. బీసీసీ 36 గంటలది, సీసీసీ 80 గంటలది. ఇంటర్నెట్, మెయిల్ రెండిట్లోనూ ఉంటాయి. ఉద్యోగ ప్రకటనల్లో సీసీసీ పేరు కనిపిస్తుంటుంది కాబట్టి డిగ్రీ పిల్లలకి ఆ సర్టిఫికెట్టుకి విలువుంది. చేరేముందు ఒక్క క్లాసులో కూర్చోనివ్వమనండి. ఒక్కో సిస్టమ్ ముందు ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెడితే వెనక్కి వచ్చెయ్యండి, మీ చేతికి మౌసు రాదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పల్లెటూళ్లలో ఇంటికొకరికి ఉచితంగా 20 గంటల శిక్షణ ఇచ్చిన కేంద్ర పథకం పీఎంజీదిశ 2017లో వచ్చి 2024 మార్చి 31తో ముగిసింది. అది ఉన్నప్పుడు కూడా 14 నుంచి 60 ఏళ్లలోపు వాళ్లకే. ఇప్పటికీ ఎవరైనా ఆ పేరు చెప్పి మంగళగిరి, తాడికొండ వైపు ఊళ్లలో ఆధార్‌లు, వేలిముద్రలు తీసుకుంటామంటే ఇవ్వకండి.

యూట్యూబ్

ఓపికకి పెట్టింది పేరు. పదిసార్లు వెనక్కి జరిపినా ఏమీ అనదు. అందుకే ఇంట్లో నేర్పేవాళ్లు లేనివాళ్లకి నేను ముందు యూట్యూబే చెప్తాను. చూసే పద్ధతొకటి ఉంది.

వెతికేటప్పుడు మైకు గుర్తు నొక్కి తెలుగులో నోటితోనే అడగండి. "జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చడం ఎలా తెలుగులో" అని అంటే చాలు. వచ్చినవాటిలో ఎప్పటి వీడియోనో చూడండి. నాలుగేళ్ల కిందటిదైతే వదిలెయ్యండి, యాప్ మొహమే మారిపోయి ఉంటుంది. ఫోన్ స్క్రీన్ చూపిస్తూ నెమ్మదిగా చెప్పేవాళ్లని పట్టుకోండి. మొదటి మూడు నిమిషాలూ "మన చానెల్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకోండి ఫ్రెండ్స్" అనేవాడి దగ్గర టైము వృథా. వేగంగా మాట్లాడుతుంటే సెట్టింగ్స్ గుర్తు నొక్కి స్పీడు 0.75కి తగ్గించుకోవచ్చు. వీలైతే వీడియో ఒక ఫోన్లో పెట్టి, రెండో ఫోన్లో చెయ్యండి. ఒకే ఫోన్లో అటూ ఇటూ మారడం దగ్గరే చాలామంది ఆగిపోతారు.

కొత్త ఫోన్ల రివ్యూలు, గేమింగు చెప్పే చానెళ్లు తెలుగులో కావలసినన్ని. అవి తెలిసినవాళ్లకి. మీకు కావలసింది ఒక్క పనిని చేసి చూపించే చిన్న వీడియో. కింద కామెంట్లలో "ఈ నంబరుకి ఫోన్ చేయండి, సాయం చేస్తాం" అని కనబడితే ముట్టుకోకండి. వీడియో కింద ఇచ్చే లింకుల్లో యాప్ ఫైలు దించుకోమన్నా అంతే. యాప్ అంటే ప్లే స్టోరులోంచే.

గూగుల్, ఏఐ

జెమినై, చాట్‌జీపీటీ అనే ఏఐ యాప్‌లు రెండూ తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తున్నాయి, నోటితో కూడా మాట్లాడొచ్చు. "పీడీఎఫ్ అంటే ఏమిటి", "స్క్రీన్‌షాట్ ఎట్లా తీయాలి", "ఈ ఇంగ్లిషు మెసేజీ ఏమంటోంది" లాంటివాటికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. పిల్లల్ని అడగడానికి మొహమాటపడే ప్రశ్నలన్నీ ఇక్కడ అడిగెయ్యండి. ఫోన్ నంబర్లు, పథకాల ఆఖరి తేదీలు, ఫీజులు మాత్రం దీన్నడిగి నమ్మకండి. తెలియకపోయినా తెలిసినట్టే చెప్తుంది, గొంతులో తేడా తెలియదు. ఆధార్ ఫొటో, బ్యాంకు వివరాలు అందులో పెట్టకండి.

గూగుల్లో కొట్టి చూడటానికి సంబంధించి ఒక్క ముక్క. "ఫలానా బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు" అని ఎప్పుడూ వెతకొద్దు. దొంగ నంబర్లు పెట్టి కాచుకుని కూర్చునేది అక్కడే. పైన వచ్చే ఫలితాల పక్కన స్పాన్సర్డ్ అని ఉంటే అది డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటన. బ్యాంకు నంబరు ఏటీఎం కార్డు వెనకా, పాస్‌బుక్కు మీదా ఉంటుంది. కరెంటు సంగతికి 1912, రైలు సంగతికి 139.

మీలాగే కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు

దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, నేను చూసినంతలో పెద్దవయసువాళ్లకి బాగా ఒంటబట్టేది తోటివాళ్ల దగ్గరే. మా సెంటరుకి వచ్చే ఒక రిటైర్డ్ రైల్వే ఆయన వంద పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నారు. ఒక్కో పేజీలో ఫోను ఆకారంలో ఒక డబ్బా గీసి, ఎక్కడ ఏముందో గుర్తులు పెడతారు. "కుడి పైన మూడు చుక్కలు. నొక్కితే లిస్టు దిగుతుంది. కింద నుంచి రెండోది." అంతే రాస్తారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్టుని జీవన్ ప్రమాణ్ యాప్‌లో మొహం చూపించి ఇంట్లోంచే ఇవ్వొచ్చు. ఆయన మొదటిసారి మా దగ్గర కూర్చుని, తన ఫోన్లో తనే చేశారు, మేం పక్కనుంచి చెప్పాం. మరుసటి ఏడు ఆ పేజీ తీసి తన స్నేహితులకి కూడా చేయించారట. మాకు ఆ మేరకు గిరాకీ తగ్గింది. అయినా ఆయనొస్తే ఇప్పటికీ కుర్చీ వేస్తాం.

పింఛనుదార్ల సంఘాలు, అపార్ట్‌మెంటు అసోసియేషన్లు, గుళ్లో భజన బృందాలు, డ్వాక్రా గ్రూపులు ఎక్కడైనా ఇది జరగొచ్చు. ఊళ్లో లైబ్రరీకి వెళ్లే అలవాటు ఉంటే, గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం అయినా, బెజవాడలో ఠాగూర్ గ్రంథాలయం అయినా, పేపరు చదవడానికి వచ్చేవాళ్లలో ఫోను బాగా తెలిసిన పెద్దాయన ఒకరు తప్పకుండా ఉంటారు. ఆయన వేగం మీకు సరిపోతుంది. ఈ పద్ధతిలో లోపం ఏమిటంటే తప్పు కూడా అంతే తేలిగ్గా అంటుకుంటుంది. వాట్సాప్‌లో వచ్చిందల్లా నిజమనుకునే స్నేహితుడు గురువైతే కష్టం.

ఎవరికేది

ఇంట్లో ఓపికున్నవాళ్లు ఒక్కరున్నా వాళ్లతోనే మొదలెట్టండి, మధ్యలో మరిచిపోయినవాటికి యూట్యూబ్ చూసుకోండి. పిల్లలు దూరాన ఉండి, ఇద్దరే ఉన్న ఇంట్లో అయితే వీడియో కాలూ, ఒక నోటుబుక్కూ, తోటివాళ్లు ఒకరూ. అసలు చదవడం రాని వాళ్లకి యూట్యూబూ, మైకూ చాలు, రాయాల్సిన పనే పడదు. కాలేజీ పిల్లవాడికి సీసీసీ. చిల్లర కొట్టో, కూరగాయల బండో ఉండి క్యూఆర్ కోడ్ పెట్టుకున్నవాళ్లకి పక్క కొట్టువాళ్లే సరైన గురువులు, ఎందుకంటే వాళ్లకి రోజూ వచ్చే చిక్కులే మీకూ వస్తాయి.

మెనూలు తెలుగులోకి మార్చుకోవాలా అని చాలామంది అడుగుతారు. మీకు నేర్పేవాళ్ల ఫోను ఏ భాషలో ఉందో మీది కూడా అందులోనే ఉంచండి. వాళ్లు సెట్టింగ్స్ అంటుంటే మీకు వేరేదేదో కనబడితే ఇద్దరూ తికమకపడతారు. కీబోర్డు మాత్రం తెలుగు పెట్టుకోండి.

మొదట ఏం నేర్చుకోవాలంటే, డబ్బుతో సంబంధం లేనిది. రైళ్ల యాప్‌లో బీజెడ్‌ఏ నుంచి జీఎన్‌టీకి, అంటే విజయవాడ నుంచి గుంటూరుకి, రేపు ఏ రైళ్లున్నాయో వెతకండి. టిక్కెట్టు కొనక్కర్లేదు. తప్పు నొక్కినా పోయేదేమీ లేదు. వెనక్కి రావడం, మళ్లీ వెతకడం, తేదీ మార్చడం ఈ ఒక్కదాంట్లోనే వచ్చేస్తాయి. యూపీఐ ఆ తర్వాత, అదీ చిన్న మొత్తం ఇంట్లోవాళ్లకే పంపి చూసుకుంటూ. డబ్బు మనకి రావడానికి పిన్ను ఎప్పుడూ కొట్టక్కర్లేదు, పంపడానికీ, బ్యాలెన్సు చూసుకోవడానికే పిన్ను. "డబ్బులొస్తాయి, పిన్ను కొట్టండి" అన్నవాడు ఏ ఆఫీసు పేరు చెప్పినా ఫోను పెట్టెయ్యండి.

అప్పటికే డబ్బు పోయి ఉంటే ఇక్కడ చెప్పిన వాళ్లెవరి దగ్గరికీ పరుగెత్తకండి, మా దగ్గరికి కూడా. ముందు 1930కి ఫోన్ చెయ్యండి, అది సైబర్ మోసాల కోసం దేశమంతటికీ ఉన్న నంబరు. ఆ వెంటనే మీ బ్యాంకుకి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగితే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది, అందుకని ఇంట్లో తిడతారని సాయంత్రం దాకా దాచుకోవద్దు. వచ్చిన మెసేజీలు, కాల్ నంబర్లు ఏవీ డిలీట్ చెయ్యకండి. కంప్లైంటు ఆన్‌లైన్లో నింపడానికి, ప్రింట్లకి తర్వాత మా దగ్గరికి రావొచ్చు. వచ్చేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు, ఆధార్, ఆ ఫోను మూడూ తెచ్చుకోండి.